పరిశోధనశాలకు స్థిరపుటల వెబ్‌సైటు: నిర్మాణము, సంరక్షణము

పరిశోధనవ్యాసములలో నాధారములను జూపుటకుఁ బూర్వము గ్రంథనామము, ముద్రణస్థానము, సంవత్సరము, పుటసంఖ్య యనునవి చాలియుండెను. ఇప్పుడు వానితోఁ బాటు వెబ్‌పుటల చిరునామాలును జేర్పఁబడుచున్నవి. ముద్రితగ్రంథ మొక గ్రంథాలయమున లేకున్నను వేఱొక గ్రంథాలయమున దొరకవచ్చును. వెబ్‌పుట సాధారణముగా నట్టిది కాదు. దానిని నిలిపియుంచిన యంత్ర మాగిపోయినను, దాని చిరునామా మార్పఁబడినను, ఆధారమును జూపిన వ్యాసము నిలిచియుండఁగానే యాధారము మాయమగును.

ఇది యూహ కాదు. అమెరికాదేశమున హార్వర్డు విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్రపండితులు కొందఱు 2013, 2014 సంవత్సరములలోఁ బ్రకటించిన పరిశీలనమును బట్టి, యాదేశపు సర్వోన్నతన్యాయస్థానపు తీర్పులలో నుదాహరింపఁబడిన చిరునామాలలో నించుమించు సగము మొదట నుద్దేశింపఁబడిన విషయమును జూపుట మానివేసినవి. హార్వర్డు న్యాయశాస్త్రపత్రిక మొదలగు పత్రికలలో నట్టివి నూటికి 70కి మించినవి. ప్యూ పరిశోధనకేంద్రమువారు 2024లోఁ బ్రకటించిన లెక్క చొప్పున, 2013లో నున్న వెబ్‌పుటలలో నూటికి 38 పుటలు పది సంవత్సరములలోనే చూడ నలవికాకుండఁ బోయినవి.

పరిశోధనశాలల పుట లీ నష్టమునకుఁ బ్రత్యేకముగా గుఱియగుచున్నవి. ఒక పరిశోధనశాలలో వెబ్‌సైటును గట్టువాఁడు సామాన్యముగా నందలి విద్యార్థియే. వాఁడు పట్టమును బొంది వెడలిపోవును. రహస్యపదము వానితోనే పోవును. తాళపత్రమును జెదలు దినుటకుఁ గొంతకాలము పట్టును; వెబ్‌సైటు శిథిల మగుట కొక విద్యార్థి యూరు విడుచుటయే చాలును. కాఁబట్టి కట్టునపుడే, కట్టినవాఁడు లేని కాలమునఁ గూడ నిలుచునట్లు కట్టవలయును. అట్టి నిలుకడకుఁ దగిన పద్ధతులలో స్థిరపుటల పద్ధతి ముఖ్యమైనది. దాని స్వరూపమును, నిర్మాణక్రమమును, సంరక్షణవిధానమును నిట వివరింపఁబడుచున్నవి.

మొదటి వెబ్‌సైటు

లోకమున మొట్టమొదటి వెబ్‌సైటు పరిశోధనశాలదే. అదియు స్థిరపుటలతోఁ గూడినదే. స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున జెనీవా నగరముకడ నున్న సెర్న్ అను భౌతికశాస్త్రసంస్థలోఁ బనిచేయుచుండిన టిమ్ బర్నర్స్-లీ 1989 మార్చి నెలలో దీనిఁ గూర్చిన ప్రతిపాదనమును వ్రాసి యధికారులకు సమర్పించెను. ఆ సంస్థకు నానాదేశములనుండి విద్వాంసులు వచ్చి, కొలఁదికాలముండి, మరలిపోవుచుండిరి. వారితోఁ బాటు వారి జ్ఞానమును బోవుచుండెను. ఎవ్వ రేపని చేసిరో, ఏ పత్ర మెచ్చట నున్నదో తెలిసికొనుట కష్టముగ నుండెను. ఈ నష్టమును నివారించుటయే యా ప్రతిపాదనపు ప్రధానోద్దేశము. అనఁగా, నేఁటి పరిశోధనశాలలకుఁ గల చిక్కే వెబ్‌ పుట్టుటకుఁ గారణ మైనది.

1990 సంవత్సరాంతమునకు మొదటి సర్వరును, మొదటి బ్రౌజరును సెర్న్‌లో నెక్స్ట్ అను కంప్యూటరుపైఁ బనిచేయుచుండెను. 1991 ఆగస్టు నెలలో నీ విషయము సంస్థకు వెలుపలివారికిఁ బ్రకటింపఁబడెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్‌వారు తమ వెబ్ సాధనములపైఁ దమకుఁ గల హక్కులను విడిచి, వాని నెల్లరు నుచితముగ వాడుకొనవచ్చునని ప్రకటించిరి. నాఁటి పుటలు కేవలము వ్రాఁతలు, వానిని గలుపు లింకులు మాత్రమే. సర్వరులో ఫైలుగా నున్నదానిని నున్నట్లే చదువరి కంప్యూటరునకుఁ బంపుట తప్ప వేఱు వ్యాపారము లేదు.

ఐనను నీ మొదటి వెబ్‌సైటునకును శైథిల్యము తప్పలేదు. పుటలను మార్చినపుడెల్ల పాతరూపముమీఁదనే క్రొత్తరూపమును వ్రాయుచు వచ్చిరి. మొదటి పుటయొక్క చిరునామాయుఁ గొంతకాలము పనిచేయకుండెను. 2013లో సెర్న్‌వారు దానిని బునరుద్ధరింపఁ బూనినపుడు తమకడ లభించిన 1992 సంవత్సరపుఁ బ్రతి నాధారముగాఁ గొని, పూర్వపుఁ జిరునామాలోనే దానిని మరల నిలిపిరి. ఇందుఁ గ్రహింపఁదగిన నీతులు రెండు. స్థిరపుట యగుటచేతనే యిన్నియేండ్ల తరువాతను నేఁటి బ్రౌజరులో నది చదువ వీలగుచున్నది. పాతప్రతులను దాఁచుకొనకపోవుటచే మొదటి రూపము వెదకికొనవలసివచ్చినది. మొదటిది స్థిరపద్ధతి గుణము, రెండవది సంరక్షణలోపము.

స్థిరము, చరము

వెబ్‌పుటలు రెండు తెఱఁగులు. చదువరి కోరుటకు ముందే వ్రాసి సిద్ధముగ నుంచఁబడిన పుట స్థిరపుట. చదువరి కోరిన పిమ్మట సర్వరులోని ప్రోగ్రాము డేటాబేసునుండి విషయమును దీసికొని యప్పటికప్పుడు కూర్చియిచ్చు పుట చరపుట. మొదటిది ముద్రితగ్రంథము వంటిది. రెండవది యవధానసభలోఁ బృచ్ఛకు లడిగినపు డాశువుగాఁ జెప్పఁబడు పద్యము వంటిది. అవధాని యున్నంతకాలము సభ రక్తిగట్టును. ఆయన లేనినాఁడు, వ్రాసికొనినవాఁ డుండినఁగాని పద్యము దక్కదు. చరపుటల వెబ్‌సైటులో నా యవధాని స్థానమున ప్రోగ్రాము, డేటాబేసు, వానిని నడపు సాఫ్ట్‌వేరు నుండును. వీనిలో నొకటి పాతబడినను, మిగిలినవానితోఁ బొసఁగక వెబ్‌సైటంతయు నాగిపోవచ్చును.

ఈ భేద మాదికాలమునందే కానవచ్చుచున్నది. 1991 డిసెంబరు 12వ తేదీన అమెరికాదేశపు స్లాక్ అను పరిశోధనశాలలో నాదేశపు మొదటి వెబ్ సర్వరు స్థాపింపఁబడెను. అందలి మొదటి పుట మిక్కిలి చిన్నది. దాని ముఖ్యప్రయోజన మా సంస్థ పోషించుచుండిన స్పైర్స్ అను భౌతికశాస్త్రపత్రముల సూచికను జదువరులకు నందుబాటులోనికిఁ దెచ్చుట. ఆ సూచికలో వెదకుట యను కార్యము మాత్రము కేవల స్థిరపుటవలన సాధ్యము కాదు. అడిగినపుడెల్ల డేటాబేసులోఁ జూచి బదులు చెప్పవలసినదే. కాఁబట్టి రెండు పద్ధతులకును వాని వాని యుచితస్థానము లున్నవి. ఏ పనికేది తగునో యెఱుఁగుటయే వివేకము.

పరిశోధనశాలకు సామాన్యముగాఁ గావలసిన పుట లేవి? శాలయొక్క పరిచయము, సభ్యుల పట్టిక, పరిశోధనవిషయముల వివరణము, ప్రచురణల జాబితా, విడుదల చేసిన సాధనములు, దత్తాంశములు, చేరఁగోరువారికి సూచనలు, చిరునామా. ఇవి నెలకొకసారియో, రెండుసార్లో మాఱును. గడియగడియకు మాఱునది వీనిలో నొకటియు లేదు. నెలకొకసారి మాఱు పుటను, జదువరి వచ్చినపుడెల్ల క్రొత్తగాఁ గూర్చుట వ్యర్థవ్యాపారము.

స్థిరపద్ధతివలని లాభములు నాలుగు. ఒకటి: పుటలను గూర్చు ప్రోగ్రాము సర్వరులో లేదు గావున దాని లోపములగుండఁ జొరఁబడుటకు దొంగలకు దారి లేదు. 2014 అక్టోబరులో ద్రూపల్ అను ప్రసిద్ధసాఫ్ట్‌వేరునందు బయటపడిన లోపమువలన, సవరణమును వెంటనే చేసికొనని వెబ్‌సైటు లనేకములు ప్రమాదమునకు గుఱియైనవి; స్థిరపుటల కట్టి భయము లేదు. రెండు: వ్యయము స్వల్పము. మూఁడు: ఒక ఫోల్డరును నకలు చేసినచో వెబ్‌సైటంతయు నకలైనట్లే. నాలుగు: ఒక చోటినుండి వేఱొక చోటికిఁ దరలించుట సులభము.

పూర్వపక్షములు, సమాధానములు

స్థిరపుటలలో వెదకుట కుదరదని కొందఱందురు. ప్రచురణలు కొన్నివందలే యున్నచోటఁ బుటలను గట్టునపుడే యొక పదసూచికను సిద్ధపఱచి, దానిని జదువరి బ్రౌజరునకుఁ బంపవచ్చును. వెదకుట యా బ్రౌజరులోనే జరుగును. గ్రంథాంతమున నకారాదిసూచిక నిచ్చుట వంటిదే యిది. కాని లక్షలకొలఁది పద్దులు గల వ్రాఁతప్రతుల సూచికకో, శాసనముల కోశమునకో డేటాబేసు తప్పదు. అట్టిచోట నా కోశమును వేఱుగ నుంచి, శాలయొక్క పుటలను స్థిరముగనే యుంచుట మేలు. కోశ మాగినను శాల మాటుపడదు. అంతియ కాక, కోశమందలి సమాచారము నేఁటేఁట సాదా పట్టికగా వెలువరించి స్థిరపుటలలోఁ జేర్చినచోఁ గోశము నశించినను సారము దక్కును.

కంప్యూటరు విద్య యెఱుఁగని పండితుఁడు తన పుటను దాను దిద్దుకొనలేఁడని మఱియొక యాక్షేపము. ఇది కొంతవఱకు నిజమే. చరపద్ధతిలోఁ దెరపైఁ గనఁబడు పెట్టెలలో వ్రాసి మీట నొక్కిన జాలును. స్థిరపద్ధతిలో మూలఫైలును దిద్దవలయును. ఐనను మూలఫైలులోని భాష కష్టమైనది కాదు. ఒక పూఁట నేర్చికొనిన నది పట్టువడును. దిద్దినదానిని బుటగా మార్చు పనిని యంత్రమున కప్పగింపవచ్చును.

చదువరు లభిప్రాయములు వ్రాయుటకును, సభ్యులు రహస్యపదముతోఁ బ్రవేశించుటకును స్థిరపద్ధతి తగదనుట మూఁడవ యాక్షేపము. ఇది సత్యము. వానిని గోరువారు వేఱుసాధనములను వాడుకొనవలసినదే. పరిశోధనశాలకు మాత్ర మొక యీమెయిలు చిరునామా తఱచుగఁ జాలియుండును.

నిర్మాణక్రమము

1. మూలపాఠము. పుటలోని విషయమును, దాని యలంకారమును వేఱు చేయుట మొదటి పని. విషయము మార్క్‌డౌన్ అను సులభపద్ధతిలో వ్రాయఁబడును. దీనిని జాన్ గ్రూబర్ 2004లోఁ బ్రకటించెను. శీర్షికకు ముందొక హాష్ గుర్తు, నొక్కిచెప్పవలసిన మాట కిరుప్రక్కల నక్షత్రపు గుర్తు, పేరాల నడుమ ఖాళీపంక్తి: ఇట్టి కొలఁది నియమములే యిందుఁ గలవు. వెబ్‌సైటు లేకపోయినను నీ ఫైలు సాదావ్రాఁతగాఁ జదువ వీలగును. ఇదియే దీని గొప్పగుణము. ఫైలు మొదట మూఁడేసి చిన్నగీతల నడుమఁ బుటయొక్క శీర్షిక, తేదీ, కర్తృనామము మొదలగునవి వ్రాయఁబడును. గ్రంథమునకు ముఖపత్ర మెట్టిదో మూలఫైలునకు నిది యట్టిది.

2. మూస. పుట లన్నిఁటికి సమానమైన తలకట్టు, అడుగుభాగము, అక్షరముల పరిమాణము, రంగులు మొదలగునవి మూసఫైలులలో నొక్కసారి వ్రాయఁబడును. శాలయొక్క పేరు మాఱినపుడు మూస నొకదానిని దిద్దినఁ జాలును, పుటలన్నియు మాఱును.

3. పుటలను గట్టు ప్రోగ్రాము. మూలపాఠమును మూసలోఁ బోసి హెచ్.టి.ఎమ్.ఎల్. పుటలుగా వెలువరించు ప్రోగ్రాములు పెక్కులు గలవు. 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ చేసిన జెకిల్, 2013లో వెలువడిన హ్యూగో యనునవి ప్రసిద్ధములు. జెకిల్ రూబీ యను ప్రోగ్రామింగు భాషలో వ్రాయఁబడినది గావున దానిని నెలకొల్పుటకు రూబీయు, దాని యుపకరణములును గావలయును. హ్యూగో యొక్కటే ఫైలుగా లభించును, వేగము హెచ్చు. దేనినైనఁ గైకొనవచ్చును గాని, యే సంవత్సరపు రూపాంతరముతోఁ గట్టఁబడినదో మూలఫోల్డరులో వ్రాసియుంచుట యావశ్యకము. లేకున్నఁ గొన్నియేండ్ల తరువాతఁ గ్రొత్తరూపాంతరముతోఁ గట్టఁబూనినపుడు మూసలు పొసఁగకపోవును. ప్రోగ్రాము చెడినను, ముందు కట్టిన పుటలు మాత్రము చెడవు. ముద్రణయంత్రము విఱిగిన నచ్చయిన గ్రంథములకు హాని లేనట్లే.

4. ప్రచురణల పట్టిక. పరిశోధనశాలలోఁ దఱచుగా దిద్దఁబడున దిదియే. దీనిని బుటలో నేరుగా వ్రాయరాదు. బిబ్‌టెక్ వంటి ప్రసిద్ధరూపములో నొక ఫైలుగా నుంచి, దానినుండి పుట వెలువడునట్లు చేయవలయును. అపు డొక్క ఫైలునుండి కాలక్రమపు జాబితా, కర్తలవారి జాబితా, విషయములవారి జాబితా వెలువడును. ఒకే వ్యాసమునకు మూఁడుచోట్ల మూఁడు విధములైన సంవత్సరములు పడు దోషము తప్పును. ప్రతివ్యాసమునకు దాని స్థిరసంకేత మగు డి.ఒ.ఐ. సంఖ్య యున్నచో దానిని దప్పక చేర్పవలయును.

5. మార్పుల చరిత్ర. మూలఫోల్డరు నంతను గిట్ అను సాధనములో నుంచుట మంచిది. దీనిని లీనస్ టోర్వాల్డ్స్ 2005లో నిర్మించెను. ఎవ్వరు, ఏ దినమున, ఏ పంక్తిని, ఏల మార్చిరో యిందు నమోదగును. ప్రతినమోదునకు 40 గుర్తుల సంకేత మొకటి యేర్పడును. నమోదులోని విషయముగాని, దానికిఁ బూర్వపుఁ జరిత్రగాని యించుక మాఱినను నా సంకేతము మాఱును గావున నెవ్వరికిఁ దెలియకుండ దిద్దుటకు వీలు లేదు. పూర్వలేఖకులు ప్రతిచివర తమ పేరును, వ్రాఁతముగించిన తిథిని, మాతృకను దెలుపుచుఁ బుష్పికను వ్రాసెడివారు. నమోదుతోఁ జేర్పఁబడు చిన్నవాక్య మట్టి పుష్పికయే. అందు "మార్పులు" అని మాత్రము వ్రాసినఁ బ్రయోజనము లేదు. "2019 నాఁటి వ్యాసమునకుఁ గర్తృనామము సవరింపఁబడెను" అని కార్యమును స్పష్టముగఁ దెలుపవలయును. సెర్న్‌వారి మొదటిపుట విషయమునఁ గలిగిన లోప మీ సాధనముండినఁ గలుగకుండెడిది.

6. నిలుపు స్థలము. కట్టిన పుటలను విశ్వవిద్యాలయపు సర్వరులో నుంచవచ్చును. లేదా గిట్‌హబ్ పేజెస్ వంటి యుచితసేవలలో నుంచవచ్చును. గిట్‌హబ్ పేజెస్‌లో వెబ్‌సైటు పరిమాణ మొక గిగాబైటునకు మించరాదని నియమము. వ్రాఁతకును మితమైన చిత్రములకును నది పుష్కలము. వీడియోలకును, ఛాయాప్రతుల రాసులకును జాలదు. ఉచితసేవ శాశ్వతమని నమ్మరాదు. లక్షలాది జనులు తమ పుటలను నిలుపుకొనిన జియోసిటీస్ అను సేవ 2009 అక్టోబరులో అమెరికాలో మూయఁబడెను. అందుచే సేవ యెవ్వరిదైనను, జిరునామా శాలదై యుండవలయును.

7. చిరునామా. విశ్వవిద్యాలయపు డొమైనులో నొక యుపనామమును బొందుట శ్రేష్ఠము. అది సంస్థతోఁ బాటు నిలుచును. స్వంతడొమైనును గొనినచో దానిని నియతకాలమునఁ బునరుద్ధరింపవలయును. మఱచినచో నన్యులు దానిని గొని, శాలపేరితో వ్యాపారపుటలను జూపవచ్చును. చిరునామాలో నేమి యుండరాదో టిమ్ బర్నర్స్-లీ 1998లో నొకవ్యాసమున వివరించెను. కర్తృనామము, విషయవిభాగము, ఫైలువిధము, సాఫ్ట్‌వేరు నామము: ఇవన్నియు మాఱునవి గావునఁ జిరునామాలో నుండరాదని యాతని మతము. సృష్టింపఁబడిన సంవత్సరము మాత్రము మాఱదు గావున నది యుండవచ్చును. శాలాధ్యక్షుని పేరిట చిరునామాను నిర్మించినచో, నాయన యుద్యోగమును విరమించిననాఁడు శాలకుఁ జిరునామా యుండదు.

8. గుప్తప్రసారము. పుట మార్గమధ్యమున మార్పఁబడకుండ సర్వరునకు ధ్రువపత్ర ముండవలయును. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ 2015 డిసెంబరునుండి యెల్లరకును దీనిని వెల లేక యిచ్చుచున్నది. అది కొలఁదికాలమే చెల్లునది గావున దానంతట నదియే పునరుద్ధరింపఁబడునట్లు ముందే యమర్పవలయును.

తెలుఁగు పుటల విషయము

తెలుఁగు పరిశోధనపుటలను గట్టువారు ప్రత్యేకముగా గమనింపవలసినవి కొన్ని గలవు. వెబ్ ప్రచారమునకు వచ్చిన తొలిదినములలోఁ దెలుఁగు పత్రికలు కొన్ని తమ తమ స్వంతఫాంట్లలోఁ బుటలను బ్రకటించినవి. అందు రోమనులిపి యక్షరముల స్థానములలోఁ దెలుఁగు రూపములు పొదుగఁబడినవి. ఫాంటు లేనిచో నా వ్రాఁత యర్థరహితమగు గుర్తుల వరుసగాఁ గనఁబడును. పుట నిలిచియున్నను బాఠము చదువ రాదు. లిపి తెలియని శాసనమువలె నది యుండును.

యూనికోడు పద్ధతిలో నీ చిక్కు లేదు. 1991లో వెలువడిన మొదటి కూర్పునందే తెలుఁగునకు 128 స్థానముల విభాగ మేర్పడినది. అరసున్నకును, శకటరేఫమునకును గూడ నందు స్థానములున్నవి. దంత్యములగు ౘ, ౙ లకు 2008లో వెలువడిన 5.1వ కూర్పునను, నకారపొల్లునకు 2021లో వెలువడిన 14వ కూర్పునను బ్రత్యేకస్థానములు లభించినవి. క్రొత్తగాఁ జేరిన యక్షరములు పాతఫాంట్లలో నుండవు గావునఁ బ్రాచీనపాఠములను బ్రకటించు శాల, యా యక్షరములు గల ఫాంటును దన పుటలతోఁ బాటే యుంచుకొనవలయును. ఫాంటును బరసర్వరునుండి తెప్పించు పద్ధతి సులభమే గాని, యా సర్వరాగిననాఁ డక్షరములు చెడును.

ఫైలుపేళ్లును జిరునామాలును రోమనులిపిలో నుండుటయే మేలు. యూనికోడును ఫైలులో వ్రాయు యు.టి.ఎఫ్-8 పద్ధతిలోఁ దెలుఁగు గుర్తొకటికి మూఁడు బైట్లు పట్టును. చిరునామాను విప్పి వ్రాసినపు డొక్కొక బైటు మూఁడు గుర్తులగును. "తెలుఁగు" అను మాటలో, గుడింతపు గుర్తులతోఁ జేరి, యేడు సంకేతములున్నవి. చిరునామాలో నవి 63 గుర్తులుగా విస్తరించును. అట్టి చిరునామా ముద్రితవ్యాసపు టధోజ్ఞాపికలోఁ దప్పులు లేక యచ్చగుట దుర్లభము. పుటలోని విషయము మాత్రము తెలుఁగుననే యుండవలయును. పుటయొక్క భాష తెలుఁగని మూసలోఁ బ్రకటించినచో, గ్రుడ్డివారికై పుటను బైకిఁ జదువు సాధనములు సరియైన యుచ్చారణను గైకొనును.

అరసున్న యున్న మాటకును, లేని మాటకును యంత్రమునకు సంబంధము తెలియదు. "తెలుగు" అని వెదకినవానికి "తెలుఁగు" అని వ్రాయఁబడిన పుట దొరకకపోవచ్చును. కాఁబట్టి పాఠమం దరసున్న నుంచినను, ముఖపత్రభాగమందలి శీర్షికలను, వెదకుటకై యిచ్చు పదములను రెండు విధములను వ్రాయుట యుచితము. అట్లే, ముద్రితపుటల ఛాయాచిత్రములను మాత్ర ముంచి యూరకుండరాదు. చిత్రములోని యక్షరములు చిత్రమే గాని పాఠము గాదు. ప్రతిచిత్రమునకు దాని విషయమును దెలుపు వ్రాఁత తప్పక యుండవలయును.

సంరక్షణము

కట్టుట యొక నెల పని. కాపాడుట యెల్లకాలపు పని. సంరక్షణకు మొదట నధికారి యుండవలయును. శాలలో నొక స్థిరోద్యోగియు, నొక విద్యార్థియు జతగా నీ పనిని వహించుట మేలు. విద్యార్థి వెడలుటకు ముందు తరువాతివానికి దానిని నేర్పవలయును. డొమైను, సర్వరు, గిట్ భాండారము వీని యధికారము వ్యక్తిపేరిట నుండక సంస్థ పేరిట నుండవలయును. పుటలను గట్టువిధ మంతయు మూలఫోల్డరులోనే యొక వివరణఫైలులో వ్రాయఁబడవలయును. దానిని జదివి, యెన్నఁడు నా పని చేయనివాఁడు వెబ్‌సైటును గట్టఁగలిగిన, వివరణము చాలినట్లు. కట్టలేకున్న, వివరణమును దిద్దవలయును. ఈ పరీక్ష యేఁటికొకసారి జరుగుట మంచిది.

పుటను దీసివేయుట సాధ్యమైనంతవఱకుఁ దగదు. సభ్యుఁడు వెడలినచో వాని పేరు పూర్వసభ్యుల పట్టికలోఁ జేర్పవలయును గాని మాన్పరాదు. పరిశోధనవిషయము ముగిసినచోఁ బుటపై నెప్పుడు ముగిసినదో వ్రాసి, పుటను నిలుపవలయును. చిరునామాను మార్చుట యనివార్యమైనచోఁ బాతదానినుండి క్రొత్తదానికి దారి మళ్లింపవలయును. బుద్ధిపూర్వకముగఁ దొలఁగించినచో నా సంగతిని, గారణమును దెలుపు చిన్నపుట నచ్చట నుంచవలయును. వెదకివచ్చిన పండితునకు "లేదు" అను బదులు కంటె "ఇందులకై తీయఁబడినది" అను బదులు మేలు. వ్యక్తుల ఫోనుసంఖ్యలు, నివాసస్థలములు మొదలగునవి మాత్ర మీ నియమమునకు లోఁబడవు. అవి మొదలే చేర్పరాదు, చేరినచో వెంటనే తీయవలయును.

లింకులను యంత్రముచే నెలకొకసారి పరీక్షింపించుట సులభము. కాని యంత్రము పుట యున్నదా లేదా యని మాత్రమే చెప్పును. పుటలోని విషయ మదియేనా యని చెప్పదు. కాఁబట్టి ముఖ్యమైన లింకులను మనుష్యుఁడే యేఁటికొకసారి చూడవలయును.

వెబ్‌సైటొక్కటే భాండాగారము గాదు. దత్తాంశములును, బెద్దఫైలులును 2013లో సెర్న్‌వారి పూనికతో నేర్పడిన జెనోడో వంటి భాండారములలో నుంచఁబడి, డి.ఒ.ఐ. సంఖ్యను బొందవలయును; శాలపుటలో దానికి లింకు మాత్రముండును. శాలపుటల ప్రతి నేఁటికొకసారి 1996లో స్థాపింపఁబడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థయొక్క సంగ్రహమునకుఁ బంపవచ్చును. మూలఫోల్డరు ప్రతులు కనీసము రెండు వేఱుస్థలములలో నుండవలయును. ప్రతులను దీసినంత మాత్రమునఁ జాలదు. వానినుండి వెబ్‌సైటును మరలఁ గట్టి చూచిననే యవి పనికివచ్చునో లేదో తేలును.

అలంకారములం దాసక్తిని మితపఱచుకొనుటయు సంరక్షణాంగమే. ఒకప్పుడు ఫ్లాష్ అను సాధనముతోఁ గదలునట్టి పుటలు విరివిగాఁ గట్టఁబడినవి. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31వ తేదీతో దానిని బోషించుట మానివేసెను. పిమ్మట సామాన్యపు బ్రౌజరులలో నాపుటలు తెఱచుకొనుట మానినవి. అదే కాలమునకు ముందు సాదావ్రాఁతతోఁ గట్టఁబడిన పుటలు నేఁటికిని జదువఁబడుచున్నవి. ఒక్కొక యలంకారమును జేర్చుటకు ముందు, నది యాగినను బాఠము చదువ వీలగునా యని ప్రశ్నించుకొనవలయును.

ఉపసంహారము

చార్లెస్ ఫిలిప్ బ్రౌను పందొమ్మిదవ శతాబ్దమున లేఖకులను, బండితులను నియమించి తెలుఁగు తాళపత్రప్రతులకు నకళ్లు వ్రాయించెను. ప్రతులను బోల్చి పాఠములను బరిష్కరింపించెను. ఒక్కప్రతి గల గ్రంథము నశించుటకు సిద్ధముగ నున్న గ్రంథమని యా కృషివలన స్పష్టమగుచున్నది. వెబ్‌సైటునకును నా న్యాయమే వర్తించును. పెక్కుప్రతులు, మాతృకచరిత్ర, సులభముగఁ జదువఁదగిన లిపి, మాఱని గుర్తింపు: ప్రాచీనగ్రంథములను గాపాడిన సాధనము లివియే. స్థిరపుటల పద్ధతి వీనిని నూతనయంత్రములలో మరల నెలకొల్పుచున్నది.

పరిశోధనశాల తన పనినిఁ బ్రకటించుట యనఁగా, నితరులు దాని నాధారముగఁ గొని ముందునకు సాగుదురని మాట యిచ్చుట. ఆ మాటను నమ్మి యొక పండితుఁడు తన వ్యాసపు టధోజ్ఞాపికలోఁ బుటయొక్క చిరునామాను వ్రాసికొనును. పది సంవత్సరముల తరువాత వాని శిష్యుఁ డా చిరునామాను దెఱచినపుడు పాఠము కనఁబడవలయును. అట్లు కనఁబడునట్లు చేయుటకుఁ గావలసినవి ధనరాసులు గావు. సాదాఫైలులు, క్రమమైన చరిత్ర, మాఱని చిరునామా, బాధ్యతను జేతులు మార్చి యందించు నాచారము. ఈ నాలుగును గల వెబ్‌సైటు తన్ను గట్టినవారు లేని కాలమునఁ గూడఁ జదువరికి బదులు చెప్పఁగలదు.